మా మామ ఎత్తలేని ఏనుగు

మా మేనమామ సింగరేణిలో షావెల్ ఆపరేటర్. మొదట రామగుండం దిక్కు, చివరి ఏండ్లు భూపాలపల్లి ఓపెన్‌కాస్టులో చేసి రిటైరయ్యాడు. షావెల్ చూడనివాళ్లకు చెప్తున్నా: ట్రాక్టర్ ట్రాలీ నిండేంత మట్టిని ఒక్క బకెట్‌తో లేపి, 60 టన్నుల డంపర్ నడుముకు తగలకుండా తిప్పి, లోపల సమంగా పోసే యంత్రం అది. దుమ్ములో, వానలో, రాత్రి షిఫ్టులో నిద్ర కళ్లతో కూడా మామ దాన్ని నడిపాడు. డంపర్ డ్రైవర్లు మామ షావెల్ కిందికి బండి పెట్టడానికి పోటీ పడేవాళ్లట. మామ పోస్తే బండి ఊగదని.

ఆ మనిషి పోయిన సంక్రాంతి సెలవుల్లో, హన్మకొండలో ఒక మాల్ పై అంతస్తులో, పైసలు పెట్టి పంజాతో బొమ్మలు ఎత్తే మెషిన్ అద్దాల పెట్టె ముందు నిలబడి, పావుకిలో కూడా తూగని గుడ్డ ఏనుగును ఎత్తలేకపోయాడు. ఒకసారి కాదు, ఏడుసార్లు.

ఏడోసారి నేను పక్కనే ఉన్నాను. పంజా సరిగ్గా ఏనుగు నడుము మీదికే దిగింది. మూడు వేళ్లు ముడుచుకున్నాయి, ఒకటి చెవి కింద, రెండు పొట్ట కింద. ఏనుగు లేచింది. మా పాప గాలి పీల్చి వదలడం మర్చిపోయింది. పంజా పైదాకా పోయి, అక్కడ చిన్నగా జర్కు ఇచ్చింది. ఆ జర్కుకు వేళ్లు కొంచెం, నిజంగా కొంచెమే, వదులయ్యాయి. తొండం ఒక వేలికి తట్టుకుని ఒక్క క్షణం వేలాడింది. బొమ్మ బయటికి పడే కన్నానికి జానెడు దూరంలో ఏనుగు వెల్లకిలా పడింది. ఖాళీ పంజా మాత్రం ఏమీ జరగనట్టు కన్నం దాకా వెళ్లి, మర్యాదగా వేళ్లు విప్పి, లేని బొమ్మను వదిలిపెట్టింది.

ఆటకు 60 చొప్పున 420 రూపాయలు. "తాతా, నీకు రాదా?" అని అడిగింది పాప. మామ ఏమీ అనలేదు. ఆటోలో ఇంటికి వస్తూ, "కండ్లద్దాలు మార్చాలెరా. దూరం అందుతలేదు" అన్నాడు. తర్వాత తన కుడిచెయ్యిని ఒకసారి తిప్పి చూసుకున్నాడు.

నాకు 420 పోయినందుకు కోపం రాలేదు. సినిమాకు పోతే అంతకంటే ఎక్కువే పోతుంది. ఆ చెయ్యి చూసుకోవడం దగ్గరే కోపం వచ్చింది. ఈ వ్యాసం దాని గురించే.

మా నాన్నది మోటార్ వైండింగ్ షాపు, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. పరకాల, హసన్‌పర్తి, నర్సంపేట దిక్కు నుంచి రైతులు కాలిన మోటార్లు తెస్తారు. రాగి తీగ చుట్టడం, వార్నిష్ పొయ్యడం, స్టార్టర్లు బాగు చెయ్యడం మా పని. కాబట్టి ఏనుగు మూడోసారి కూడా అదే చోట జారినప్పుడే నాకు అనుమానం తగిలింది. అది చేతి తప్పయితే ఒక్కోసారి ఒక్కో చోట జారాలి.

పొలం ఉన్నవాళ్లకు ఈ సంగతి చాలా తేలికగా అర్థమవుతుంది. మోటార్ స్టార్టర్ డబ్బాలో నో-వోల్ట్ కాయిల్ అని ఒకటి ఉంటుంది. బటన్ నొక్కగానే కాయిల్‌కు కరెంటు వస్తుంది, అది అయస్కాంతమై ఇనుప ముక్కను గుంజి పట్టుకుంటుంది, మోటార్ నడుస్తుంది. వోల్టేజీ పడిపోతే కాయిల్ పట్టు తగ్గి, ఆ ముక్కను వదిలేస్తుంది. 'స్టార్టర్ పడిపోయింది' అంటాం. 415 ఉండాల్సిన చోట మూడు వందలకు దిగే ఆ పాత రోజుల్లో, రాత్రి కరెంటు కోసం బావికాడ పండుకున్న వాళ్లకు ఆ 'టక్' చప్పుడు ఇంకా చెవుల్లో ఉంటుంది. కొందరు మొండివాళ్లు మూత తీసి, స్టార్టర్ పడిపోకుండా పుల్ల పెట్టి ఇరికించేవాళ్లు. మోటారు కాలేది, మా షాపుకు వచ్చేది. నా చదువుకైన ఖర్చులో ఆ పుల్లల వాటా చాలానే ఉంది.

బొమ్మల మెషిన్ పంజా కూడా సరిగ్గా ఇదే. నడుమ ఒక కాయిల్, దాని లోపల ఇనుప కడ్డీ, కడ్డీకి కట్టిన మూడు వేళ్లు. కరెంటు వస్తే కడ్డీ లోపలికి గుంజుకుంటుంది, వేళ్లు ముడుచుకుంటాయి. కరెంటు తగ్గితే వేళ్లు మెత్తబడతాయి. అయితే మాల్‌లో లో-వోల్టేజీ ఎక్కడిది? ఏసీ నడుస్తుంది, లిఫ్టు నడుస్తుంది, కరెంటు పోతే జనరేటర్ ఉంది. అంటే వోల్టేజీని ఎవరో కావాలనే తగ్గిస్తున్నారు.

మా షాపులో రెండేండ్లు పని నేర్చుకుని వెళ్లిన ఒక పిలగాడు ఇప్పుడు ఇట్లాంటి మెషిన్లకు సర్వీసింగ్ చేస్తున్నాడు. ఫోన్ చేశాను. "నువ్వు గూడ పడ్డవా అన్నా?" అని పగలబడి నవ్వాడు. మేము ఆడినచోట కాకుండా వేరే ఊళ్లో, ఒక గేమ్ జోన్ తెరవక ముందు, పొద్దున రమ్మన్నాడు. మామను కూడా వెంటబెట్టుకుని పోయాను. రాను అన్నాడు, బలవంతాన ఎక్కించాను.

తాళం తిప్పి అద్దం తలుపు తీయగానే కొత్త బొమ్మల గుడ్డ వాసన, దుమ్ము వాసన కలిసి కొట్టాయి. బయట నుంచి చూస్తే మోకాలి లోతు బొమ్మలు ఉన్నట్టుంటుంది. చెయ్యి పెడితే జానెడు కిందనే పలక తగిలింది. సంతలో బుట్ట అడుగున గడ్డి పెట్టి పైన మామిడిపండ్లు పేర్చినట్టు. పైన రెండు పట్టాలు, వాటి మీద ఒక చిన్న బండి. ఎడమకు కుడికి ఒక మోటారు, ముందుకు వెనక్కు ఒకటి, తాడు దించి ఎత్తడానికి ఇంకొకటి. కింద డబ్బాలో పవర్ సప్లయ్, అరచేతి వెడల్పు బోర్డు, దానికి ఎర్ర అంకెల డిస్‌ప్లే, మూడు బటన్లు. బోర్డు మీద రాత అంతా చైనా భాషలో ఉంది. పక్కనే మావాడు తెల్ల టేపు అతికించి, పెన్నుతో 'గట్టి', 'మెత్త', 'ఎన్నాటలకు' అని తెలుగులో రాసుకున్నాడు. మొత్తం రహస్యం ఆ మూడు మాటల్లోనే ఉంది.

'గట్టి' అంటే నిండు పట్టు. 'మెత్త' అంటే ఉత్తుత్తి పట్టు. 'ఎన్నాటలకు' అనే చోట 25 అని ఉంది. అంటే 25 ఆటల్లో ఒక్క ఆటకే పంజాకు నిండు కరెంటు వస్తుంది. మిగతా 24 ఆటల్లో మెత్త పట్టే. నా మల్టీమీటర్ వెంట తీసుకుపోయాను కదా, పెట్టి చూశాను. గట్టి పట్టుకు 46 వోల్టులు, మెత్త పట్టుకు 19. సగం కంటే తక్కువ. అయితే ఇక్కడ ఇంకో కిటుకు ఉంది. ఇట్లాంటి కాయిల్‌లో కరెంటు సగమైతే పట్టు సగం కాదు, దాదాపు పావు వంతుకు పడిపోతుంది. ఆ లెక్కన 19 వోల్టుల దగ్గర మిగిలే బలం ఆరో వంతు. నా వేలు పంజా నడుమ పెట్టి రెండూ నొక్కించుకున్నాను. గట్టిదానికి గోరు నొచ్చింది. మెత్తదానికి చంటిపిల్ల పట్టుకున్నట్టు అనిపించింది.

వీటికి తోడు ఇంకో అమరిక ఉంది. కింద బొమ్మను పట్టేటప్పుడు గట్టిగా పట్టి, పైకి తెచ్చాక మెత్తబడేట్టు పెట్టొచ్చు. మా ఏనుగు జారింది అట్లాగే. "కింద్నే జారితే ఎవడూ రెండోసారి ఆడడన్నా. పైదాంక వచ్చి పడాలె. అప్పుడే ఇంకో అరవై గీకుతరు" అన్నాడు మావాడు. మామ వైపు చూశాను. ఆయన చూపంతా పట్టాల మీద ఉంది.

అన్ని మెషిన్లూ ఒకేలా ఉండవు, అది నిజం. పాతవాటిలో స్ప్రింగు బిగింపు ఒక్కటే ఉంటుంది, ఎప్పుడైనా అదే పట్టు. కొన్ని బోర్డులు 25వ ఆటకే గట్టి పట్టు ఇస్తాయి. కొన్ని ఆ ఇరవై అయిదింటిలో ఏదో ఒకదానికి వాటి ఇష్టం వచ్చినట్టు ఇస్తాయి. కొన్నింటిలో గట్టి ఆట వచ్చినా మీరు పక్కన దించితే ఆ అవకాశం పోయినట్టే. అంటే నైపుణ్యం అసలు లేదని కాదు. ఇరవై అయిదింటిలో ఒక్కసారి పనికొస్తుంది, మిగతా ఇరవై నాలుగుసార్లు మనల్ని నిలబెట్టడానికి పనికొస్తుంది.

ఇదంతా తెలిశాక నేను మళ్లీ ఆడలేదనుకునేరు. వారం తిరక్కుండానే ఆడాను, 180 పోయాయి. తెలిసినవాడికి ఇంకో పిచ్చి ఉంటుంది, నాకు తెలుసు కదా అని. అయినా ఆ తర్వాత నెమ్మదిగా కొన్ని కిటుకులు పట్టుకున్నాను. రెండు బొమ్మలు గెలిచాను కూడా. కాబట్టి ఆడాలనుకునేవాళ్లకు నాకు తెలిసింది చెప్తాను.

ముందు చేతులు కట్టుకుని నిలబడండి. కార్డు గీకకండి. వేరేవాళ్లు ఆడుతుంటే పంజాను చూడండి, బొమ్మను కాదు. పైకి పోయాక వేళ్లు ఒకేచోట వదులవుతున్నాయా? అయితే అది మెత్తబడే అమరిక. ఆ చోటుకు, కన్నానికి మధ్య దూరం చూసుకోండి. కన్నం అంచుకు ఆనుకుని ఉన్న బొమ్మ అయితే, పంజా వదిలేసినా దొర్లి లోపలికి పడే అవకాశం ఉంటుంది. అందుకే నేను ఇప్పుడు అందమైన బొమ్మ జోలికి పోను, కన్నం పక్క బొమ్మనే చూస్తాను. మా పాపకు ఇది అస్సలు నచ్చదు. ఆమెకు కావాల్సింది ఎప్పుడూ వెనక మూలన, అద్దానికి ఒరిగి ఉంటుంది. నిర్వాహకుడు మంచి బొమ్మను అక్కడ పెట్టేది అందుకే.

ఇరుక్కున్న బొమ్మను వదిలెయ్యండి. చుట్టూ నాలుగు బొమ్మలు నొక్కి పట్టుకున్న దాన్ని గట్టి పట్టు కూడా లేపలేదు. కుప్ప మీద వదులుగా, పక్కకు ఒరిగి ఉన్నది మేలు. తల పెద్దగా ఉన్న బొమ్మకు బరువంతా తలలోనే ఉంటుంది. నడుము పట్టుకుంటే తలకిందులై జారుతుంది. మెడ కింద, చంకల కింద వేళ్లు దూరేట్టు దించాలి. ఒక వేలు రెండు కాళ్ల సందులో పడితే ఇంకా మంచిది. మెరిసే నున్నటి గుడ్డ జారుతుంది, గరుకు బొచ్చు నిలుస్తుంది. గుండ్రటి బంతిలాంటివి చూడ్డానికి తేలిక, ఎత్తడానికి కష్టం.

ఎదురుగా నిలబడితే ఎడమ కుడి తెలుస్తాయి గానీ ముందు వెనక తెలియదు. మామకు దూరం అందలేదన్నది పూర్తిగా అబద్ధం కాదు, అక్కడ ఎవరికీ అందదు. ఒకరు పక్క అద్దం దగ్గర నిలబడి 'ఇంకొంచెం వెనక్కి' అని చెప్పాలి. మా ఇంట్లో ఆ పని పాపది. బాగా చేస్తుంది, కొంచెం ఎక్కువగా అరుస్తుంది.

జాయ్‌స్టిక్‌ను నెడుతూ పోకండి, తట్టి తట్టి వదలండి. పంజా తాడుకు వేలాడుతుంది కాబట్టి ఆగగానే ఊగుతుంది. బావిలో చేద ఊగినట్టే. ఊగుడు ఆగాకే బటన్ నొక్కాలి. టైం ఇరవై ముప్పై సెకన్లే ఉంటుంది. అంకెలు తగ్గుతుంటే టెన్షన్‌లో తొందరగా నొక్కుతాం, అక్కడే చెడుతుంది. మొదటి పది సెకన్లలో పంజాను బొమ్మ మీదికి చేర్చి, మిగతా టైం ఊగుడు ఆగడానికి ఉంచుకుంటే సరిపోతుంది. దిగేటప్పుడు తాడు మెలికతో పంజా కొంచెం తిరుగుతుంది కూడా. ఎటు తిరుగుతుందో ముందు ఆడినవాళ్లను చూసి గుర్తుపెట్టుకోవచ్చు.

ఇంకొకటి, ఇది వైండింగ్ షాపు మనిషిగా చెప్తున్నది. రాగి వేడెక్కితే దాని రెసిస్టెన్స్, అంటే కరెంటును అడ్డుకునే గుణం, పెరుగుతుంది. పాతిక డిగ్రీలు వేడెక్కితే దాదాపు పది శాతం. వోల్టేజీ అంతే ఉంటే కరెంటు ఆ మేరకు తగ్గుతుంది, పట్టు ఇంకా ఎక్కువ తగ్గుతుంది. ఆదివారం సాయంత్రం జనం ఆపకుండా ఆడిన మెషిన్ కాయిల్ ముట్టుకుంటే కాలుతుంది. పొద్దున తెరవగానే ఆడే ఆట, రాత్రి తొమ్మిదికి ఆడే ఆట ఒక్కటి కావు. మావాడిని అడిగితే, "ఎండాకాలం ఏసీ సరిగ్గ లేని జాగల కంప్లయింట్లు ఎక్కువొస్తయి" అన్నాడు. ఆడేవాళ్లు కంప్లయింట్ ఇస్తారని నాకు అప్పుడే తెలిసింది.

ఇక పైసల లెక్క. 25 ఆటలు, ఆటకు 60, అంటే సగటున ఒక బొమ్మకు 1500. అటువంటి ఏనుగే వరంగల్ చౌరస్తాలో 250కి ఇచ్చారు. బేరమాడితే 220 అయ్యేది, పాప ముందే ముఖం వెలిగించేసింది కాబట్టి బేరం కుదరలేదు.

ఇప్పుడు రెండో పక్క. మెషిన్ పెట్టినవాడు దొంగ అని తేల్చడం చాలా తేలిక, నేనూ మొదట అట్లాగే అనుకున్నాను. మావాడు అక్కడే నన్ను ఆపాడు. మాల్‌కు జాగ కిరాయి కట్టాలి, కరెంటు, పన్ను, మనిషి జీతం ఉంటాయి. అన్ని ఆటలకూ గట్టి పట్టు పెడితే, చెయ్యి తిరిగిన నలుగురు పిలగాండ్లు ఒక్క పూటలో పెట్టె ఖాళీ చేసి, కిందికి దిగి అమ్ముకుంటారు. అట్లాగని మరీ బిగిస్తే, అంటే ఆ 25ను 60 చేస్తే, వారంలో మెషిన్ చచ్చిపోతుందట. అది మావాడి మాటే. చేతిలో పెద్ద టెడ్డీ పట్టుకుని మాల్ అంతా తిరిగే ఒక్క పిల్లకు మించిన పబ్లిసిటీ లేదు. అందుకని తెలివైన ఓనర్ శనివారం పొద్దున ఆ అంకెను కొంచెం తగ్గిస్తాడు, బొమ్మల కుప్పను గుల్లగా చేసి కన్నం వైపు వాలుగా పేరుస్తాడు. రెండు మూడు బొమ్మలు బయటికి పోనిస్తాడు. సాయంత్రానికి జనం ఉంటారు.

పేర్చడంలోనే సగం వ్యాపారం ఉందని మావాడు చేసి చూపించాడు. బొమ్మలను నొక్కి కుక్కితే పెట్టె నిండుగా కనిపిస్తుంది, ఏదీ లేవదు. గుల్లగా, ముఖాలు పిల్లల ఎత్తుకు అద్దం వైపు తిప్పి పెడితే లేస్తాయి, పిల్లలు ఆగుతారు. వారానికోసారి తాడు పురి చూడాలి, పంజా వేళ్ల స్క్రూలు బిగించాలి, కడ్డీ దగ్గర దుమ్ము తుడవాలి. ఒక వేలు వంగితే గట్టి ఆట కూడా ఖాళీగా పోతుంది. అప్పుడు ఓనర్‌కే నష్టం, ఎవరూ గెలవని మెషిన్ దగ్గర ఎవరూ నిలబడరు. ఇదంతా ఒక పనితనం. రెండు చేతులా కష్టపడే పని. నేను దాన్ని చిన్నచూపు చూడను.

నా తగాదా ఆ 25 అనే అంకెతో కూడా కాదు. ఆ అంకె అద్దం లోపల ఉంది, బయట లేదు. నా తగాదా అంతా అక్కడే.

నైపుణ్యమా, అదృష్టమా అనే మాట మన దగ్గర కొత్తది కాదు. రమ్మీ జూదమా కాదా అన్నది సుప్రీంకోర్టు 1967లో తేల్చింది. ఆ కేసు మన సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద పోలీసులు పడ్డప్పటిది. రమ్మీలో పడ్డ ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది దాచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యం ఆట అన్నారు. మూడు ముక్కలాట అట్లా కాదన్నారు. మన 1974 గేమింగ్ చట్టంలో నైపుణ్యం ఆటలకు మినహాయింపు ఉండేది. 2017లో తెలంగాణ దాన్ని సవరించి, ఆన్‌లైన్‌లో పైసలు పెట్టి ఆడే రమ్మీని కూడా కట్టడి చేసింది. 2025లో కేంద్రం ఆన్‌లైన్ మనీ గేమ్‌ల మీద దేశమంతటికీ చట్టం తెచ్చింది. ఫోన్‌లో ఆడే పెద్దవాళ్ల మీద ఇంత చూపు ఉంది. అద్దానికి ముక్కు ఆనించి నిలబడే ఏడేండ్ల పిల్ల గురించి ఎవరూ మాట్లాడరు.

ఆ మెషిన్ జూదమో కాదో చెప్పడానికి నేను లాయర్‌ను కాను. కానీ కర్ణాటకలో వీడియో గేమ్ పార్లర్ల కేసు 1995లో సుప్రీంకోర్టుకు వచ్చినప్పుడు, యంత్రం లోపల మార్పులు చేసి ఆడేవాడికి గెలుపు అందకుండా చెయ్యొచ్చన్న సంగతిని కోర్టు లెక్కలోకి తీసుకుంది, లైసెన్సు ఉండాలనడం సబబే అంది. అమెరికాలో ఈ పంజా పెట్టెల పూర్వీకులను 'డిగ్గర్లు' అనేవారు. మట్టి తవ్వే యంత్రాలను చూసి చేసిన ఆటలు. అంటే మామ షావెల్‌కు దూరపు చుట్టాలే. తిరునాళ్లలో వాటి జోరు చూసి 1951లో అక్కడి ఫెడరల్ చట్టం వాటిని కూడా జూదపు యంత్రాల కిందికి తెచ్చింది, తర్వాత సడలించారు. జపాన్‌లో 1985లో సెగా కంపెనీ యూఎఫ్ఓ క్యాచర్ తెచ్చాక ఇవి ఊరూరా వ్యాపించాయి. అక్కడ బొమ్మ విలువకు పరిమితి ఉంది. చాలా ఏండ్లు 800 యెన్లు ఉండేది, 2022లో 1000 చేశారు. బొమ్మ ఎటూ లేవకుండా పడితే అక్కడి పనివాళ్లను పిలిచి, కొంచెం సరిచేసి పెట్టమని అడగవచ్చు. అదొక మర్యాద. మన దగ్గర పిలిస్తే వచ్చే అబ్బాయికి తాళంచెవి ఉండదు. ఉండేది కార్డు రీచార్జ్ చేసే మెషినే.

అందుకే నేను అడిగేది చిన్నది. అద్దం మీద రాయండి. 'ఈ మెషిన్‌లో 25 ఆటలకు ఒకసారి నిండు పట్టు వస్తుంది.' ఇంతే. మందు సీసా మీద రాస్తున్నాం, పాల ప్యాకెట్ మీద వెన్న శాతం రాస్తున్నాం, విత్తనాల సంచి మీద ఎంత శాతం మొలకెత్తుతాయో రాస్తున్నాం. ఆ శాతం చదవకుండా విత్తనం కొన్న రైతును మనమే తిడతాం. ఇక్కడ చదువుదామంటే రాతే లేదు.

"రాస్తే ఎవడు ఆడతడన్నా?" అన్నాడు మావాడు. ఆడతారు. ఐనవోలు మల్లన్న జాతరలో రింగుల ఆట దగ్గర నా చిన్నప్పుడు ఎంత పోగొట్టుకున్నానో లెక్కలేదు. గులాబీ రంగు సబ్బుపెట్టె, స్టీలు గ్లాసు, మూలకు ఒక ట్రాన్సిస్టర్ రేడియో ఉండేవి. ట్రాన్సిస్టర్ కింద చెక్కదిమ్మ రింగుకు సరిపోయీ సరిపోనట్టు ఉండేది. మనకు అనుమానం వస్తే ఆ ఆటవాడు తానే రింగు తీసి, దిమ్మకు పైనుంచి నిదానంగా తొడిగి, "సూడు, పడ్తది" అని చూపించేవాడు. పడేది. మనం విసిరితే మూలకు తగిలి ఒరిగేది. అది కష్టం అని తెలిసే ఆడేవాళ్లం. అతనూ లాభం చూసుకున్నాడు, అతనూ మోసగాడే అనొచ్చు. కానీ రింగు సైజు ఆట ఆటకూ మారదు. నేను విసిరినప్పుడు చిన్నదై, ఇరవై అయిదోవాడు విసిరినప్పుడు పెద్దది కాదు. ఓడిపోయి ఇంటికి పోయి విసరడం ప్రాక్టీస్ చేస్తే, వచ్చే సంక్రాంతికి నిజంగానే కొంచెం మెరుగయ్యేవాళ్లం. మా వాడకట్టులో ఒకడు ట్రాన్సిస్టర్ గెలిచాడు కూడా. వాడిని నాలుగు రోజులు పెండ్లికొడుకును చూసినట్టు చూశాం.

మాల్ మెషిన్ దగ్గర ప్రాక్టీస్ ఎవరికి చేస్తాం? కాయిల్‌కా?

నా వాదనలో ఒక బొక్క ఉంది, మా ఆవిడ పట్టుకుంది. "అంకె రాస్తే మీలాంటోళ్లు ఇరవై నాలుగు ఆటలు లెక్కపెట్టి, ఎవరో పిల్ల పైసలు పోగొట్టుకున్నంక పోయి గీకుతరు. అదేం న్యాయం?" నిజమే. లెక్కపెట్టి ఆడేవాడు వేరేవాళ్ల ఓటమి మీద గెలుస్తాడు. నేను గెలిచిన రెండు బొమ్మల్లో ఒకటి అట్లా వచ్చిందే. ఒక కాలేజీ జంట ఐదొందల దాకా వదిలి వెళ్లాక, పక్కనే టీ తాగుతూ లెక్కపెట్టిన నేను పోయి గీకాను. పసుపు బాతు వచ్చింది. పాపకు ఇస్తే ఎగిరి గంతేసింది. ఆ అబ్బాయి ఎస్కలేటర్ దగ్గర నుంచి వెనక్కు తిరిగి చూశాడు. ఆ చూపు మాత్రం బాతుతో పాటు ఇంటికి వచ్చింది. దీనికి నా దగ్గర సరైన జవాబు లేదు. వరుసగా 25వ ఆటకు కాకుండా ఏదో ఒక ఆటకు వచ్చేట్టు పెట్టి, సగటు మాత్రం అద్దం మీద రాస్తే లెక్కపెట్టే నాలాంటివాళ్ల ఆట కడుతుంది. అట్లా పెట్టగల బోర్డులు ఉన్నాయని ముందే చెప్పాను.

ఆ రోజు పొద్దున గేమ్ జోన్ సంగతి ఒకటి చెప్పకుండా ఆపాను. మావాడు స్క్రూలు బిగించి, తలుపు వేసి, టెస్ట్ మోడ్‌లో పెట్టాడు. టెస్ట్‌లో అన్ని ఆటలూ గట్టి పట్టే. "మామా, ఒకసారి సూస్తవా?" అన్నాడు. మామ వద్దన్నట్టు చెయ్యి ఊపి, మళ్లీ తనే వచ్చి జాయ్‌స్టిక్ పట్టుకున్నాడు. పట్టుకున్న తీరే వేరు. అరచెయ్యి ఆనించలేదు, రెండు వేళ్లతోనే పట్టుకున్నాడు. పంజాను బొమ్మ దాటించి, వెనక్కి ఊగి వచ్చేటప్పుడు బటన్ నొక్కాడు. ఊగుడు ఆగేదాకా ఆగాలని నేను ఇందాక రాశాను కదా, మామ ఆగలేదు. ఆ ఊపునే వాడుకున్నాడు. వెనక మూలన, అద్దానికి ఒరిగిన తెల్ల కుందేలు లేచింది, కన్నంలో పడింది. తర్వాత కుప్పలో సగం కూరుకున్న ఎలుగుబంటి. దాన్ని ముందు ఒక దెబ్బకు పక్కకు దొర్లించి, రెండో దెబ్బకు ఎత్తాడు. తర్వాత ఇంకో మూలన ఉన్న ఏనుగు. మొత్తం నాలుగు ఆటలు, మూడు బొమ్మలు.

మావాడు ఒక మాట అనబోయి ఆగాడు. బొమ్మలకు లెక్క ఉంటుంది, ఇంటికి ఇవ్వడానికి లేదు. అది మామకు చెప్పాల్సిన పని లేకపోయింది. కిందికి వంగి కన్నంలోంచి మూడింటినీ తీసి, దుమ్ము దులిపి, తలుపు తెరిపించి, ఏది ఎక్కడ ఉండెనో అక్కడే పెట్టాడు. ఏనుగును మాత్రం తొండం కన్నం వైపు ఉండేట్టు కొంచెం తిప్పాడు.

వచ్చేటప్పుడు బస్సులో అద్దాల షాపు మాట ఎత్తలేదు.